పొద్దు మునిగే వేళకు ఒక మందు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ప్రభుత్వ డాక్టరుగా నేను తరచూ వినే బాధ ఒకటుంది. జ్వరం ఉండదు. రక్తపరీక్షలో తేడా కనిపించదు. సాయంత్రమయ్యేసరికి మాత్రం మనసంతా దిగులు. రిటైరైన ఉపాధ్యాయుడొకరు ఇలా అన్నారు: "బిడ్డలిద్దరూ బెంగుళూరులో ఉండారు సార్. పొద్దు మునిగితే ఇల్లు మింగేటట్లుంటాది. నిద్రమాత్ర రాసియ్యండి."

ఆకలి, నిద్ర, బి.పి., షుగరు అన్నీ విచారించాను. నిద్రమాత్ర అవసరం కనిపించలేదు. "రోజూ మిద్దె ఎక్కి, మునిగే పొద్దును మీ ఫోనుతో ఒకే ఒక్క ఫోటో తీయండి. నెల తరువాత తెచ్చి చూపించండి" అన్నాను.

ఫోటోకూ ఆరోగ్యానికీ సంబంధమేమిటని మీరడగవచ్చు. దిగులుపడ్డ మనసు తన చుట్టూ తానే తిరుగుతుంది. దాన్ని కాసేపు బయటి వస్తువు మీద నిలపాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 2020లో ఒక పరిశోధన ప్రచురించారు. 52 మంది వృద్ధులు 8 వారాలపాటు, వారానికొకసారి 15 నిమిషాలు నడిచారు. వారిలో కొందరికి ఆశ్చర్యం గొలిపేవాటిని గమనిస్తూ నడవమని చెప్పారు. వీరు దారిలో తీసుకున్న ఫోటోల్లో వారాలు గడిచేకొద్దీ తమ బొమ్మ చిన్నదై, చుట్టూ ఉన్న ప్రపంచం పెద్దదైంది. చిరునవ్వూ విరిసింది. చిన్న పరిశోధనే అయినా ఆలోచించదగ్గది.

ఏం చూడాలి?

రోజూ అదే సూర్యుడు కదా అనుకోకండి. మార్చి, సెప్టెంబరు నెలల్లో 21వ తేదీ ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా పడమట అస్తమిస్తాడు. జూన్‌లో ఉత్తరానికి, డిసెంబరులో దక్షిణానికి బాగా జరుగుతాడు. ఒకేచోట నిలబడి ఏడాది తీస్తే పొద్దు గుట్ట మీద నుంచి చెట్టు మీదికి, చెట్టు మీద నుంచి మేడ మీదికి నడవడం తెలుస్తుంది. సాయంకాలపు వెలుగు గాలిలో ఎక్కువ దూరం ప్రయాణించాలి. దారిలో నీలిరంగు చెదిరిపోయి, ఎరుపు మిగులుతుంది. బింబం అంచు నేలను తాకాక పూర్తిగా మునగడానికి రెండు నిమిషాల పైచిలుకే పడుతుంది. ఆలస్యం చేస్తే ఆ పూటకు అంతే!

ఇందుకోసం ఎక్కడికో పోనక్కరలేదు. 1565 యుద్ధం తరువాత విజయనగర ప్రభువులకు రాజధాని అయిన పెనుకొండ కొండ ఉంది. ధర్మవరం చెరువుంది. ఏదీ అందకపోతే మీ మిద్దె ఉంది. పట్టుదారాల మీద వంగి రోజంతా పనిచేసే ధర్మవరం నేతగాళ్లకు నడుము సాచి దూరంగా చూడడమే కండ్లకూ, మెడకూ విశ్రాంతి.

జాగ్రత్తలు

సూర్యుణ్ణి తేరిపార చూడవద్దు. బైనాక్యులర్స్‌తోగాని, అద్దంలోంచి కన్ను పెట్టి చూసే కెమెరాతోగాని అసలే వద్దు. కంటి లోపలి నరాలపొర కాలి, చూపు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ఫోను తెర మీద చూసి తీయండి. గుండెజబ్బు, మోకాళ్లనొప్పి ఉన్నవారు కొండ ఎక్కవద్దు. షుగరు వ్యాధి ఉన్నవారు మిద్దె మీదికైనా చెప్పులు లేకుండా పోవద్దు. కుర్రవాళ్లు ఫోటోల కోసం రైలు పట్టాల మీద నిలబడవద్దు. చీకటి పడకముందే కొండ దిగండి, చేతిలో టార్చి ఉంచుకోండి.

నెల తరువాత ఆ ఉపాధ్యాయుడు 26 ఫోటోలతో వచ్చారు. మోకాళ్లనొప్పి తగ్గలేదు. ఇల్లూ నిండలేదు. అయితే, "నిన్న మబ్బు పట్టింది సార్, అయినా తీసినా. పక్కింటి పిల్లోడు కూడా మిద్దెక్కుతాండాడు" అన్నారు. నిద్రమాత్ర మాట ఎత్తలేదు.

ఒక్క మాట మరువకండి. ఇది దిగులుకు సాయమేగాని, డిప్రెషన్‌కు చికిత్స కాదు. రెండు వారాలకు పైగా ఏ పనిలోనూ సంతోషం కలగకపోతే, నిద్ర, ఆకలి చెడితే, బతకాలనిపించకపోతే వెంటనే డాక్టరును కలవండి. టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.