ఆకురాలు కాలమున అమ్మాయితో మెల్బోర్ను నగరమునకు



ఆస్ట్రేలియా దేశమున ఆకురాలు కాలము మార్చి నెల మొదటి తేదీన ఆరంభమై మే నెల కడవరకు సాగును. అనగా మన యిండ్లలో ఉగాది పచ్చడి చేసికొని, మామిడికాయలు తరిగి, ఆవకాయ పెట్టుకొను దినములలో అచ్చట చెట్లు ఆకులు రాల్చుచుండును. భూమధ్యరేఖకు దక్షిణమున నున్న దేశమగుటచే, సూర్యుడు మన వైపునకు జరిగినకొలది వారికి దూరమగుచుండును. మనకు పగలు పెరుగును, వారికి తరుగును. ఇంగ్లీషువారి 'ఆటమ్' అను మాటను మనవారు శరత్తని తెనిగించుచున్నారు గాని నాకది సమ్మతము కాదు. మన శరత్తు వెన్నెలకును రెల్లుపూవులకును పేరుపడినది. ఆకులు రాలుట మనకు శిశిరలక్షణము. కావున నేను ఆకురాలు కాలమనియే చెప్పెదను.

ఈ కాలమున కుమార్తెతో కలిసి అచ్చటి నగరమొకదానికి నాలుగు దినములు పోయి రావలెనన్న నెట్లు సిద్ధపడవలెనో చెప్పుటయే నేటి విషయము. బిడ్డలు ఆ దేశమున నున్న తలిదండ్రులు నేడు మన పల్లెలలో అనేకులు గలరు. నా యొక్కగానొక్క కుమార్తె పండ్రెండేండ్లుగా సిడ్నీ నగరమున ఉద్యోగము చేయుచున్నది. రెండు పర్యాయములు పోయి ఆమె యింట మూడేసి నెలలుంటిని. ఉంటినన్న మాటయే గాని, ఆమె ఉదయము ఏడింటికి పోయి చీకటిపడిన పిదప వచ్చును. వచ్చిన పిమ్మట వంట, పిల్లవాని చదువు. తండ్రీకూతుండ్రము ఒక పూట స్థిమితముగా కూర్చుండి మాటలాడుకొన్నది లేదు. ఇప్పుడు మాటలాడవలసిన పని వచ్చినది. ఊరిలోని యింటిని, నాలుగెకరముల మాగాణిని కొనెదమన్నవారు జ్యేష్ఠమాసములోగా జవాబు చెప్పుమనుచున్నారు. అమ్ముటయా, ఉంచుటయా అనునది నా యొక్కనితో తేలునది కాదు. ఆమె ఎన్నటికైనను తిరిగి వచ్చునో రాదో తెలియవలెను. టెలిఫోనులో అడిగినచో "మీ యిష్టం నాన్నా" అనును. అది జవాబు కాదు. అందుచే ఈ ప్రయాణమును చూచిన వింతల లెక్కకు గాక, మాటకు చోటు దొరకునట్లు కూర్చుకొనుచున్నాము.

మొదటి ప్రశ్న ఏ నగరమునకు పోవలెనన్నది. సిడ్నీలోనే యుండి తిరుగుదమన్న, ఇల్లు దగ్గరగా నున్నంతవరకు ఆమె ఇంటిపని విడువదు. పైగా మార్చి, ఏప్రిల్ నెలలలో సిడ్నీకి వానలు మెండు. రాజధానియైన కాన్‌బెర్రాలో రంగులు మారు చెట్లు పుష్కలముగా గలవు గాని, అది చోటులు దూరదూరముగా నున్న పట్టణము. రాత్రి చలియు నెక్కువ. మెల్బోర్ను నగరము సిడ్నీకి నైఋతిదిక్కున నున్నది. విమానమున గంటన్నర, రైలున సుమారు పదకొండు గంటల ప్రయాణము. ఏడాది మొత్తమునకు సిడ్నీలో రమారమి 1200 మిల్లీమీటర్ల వాన పడగా మెల్బోర్నులో 650 మాత్రమే పడును. 1901 మొదలు 1927 వరకు ఆస్ట్రేలియా పార్లమెంటు ఈ నగరముననే కొలువుదీరినది. అందువలన పెద్ద కట్టడములు, తోటలు, వీథులు ఒకదాని చెంత నొకటి యున్నవి. మోకాళ్లు నొచ్చువారికి ఇంతకన్న మంచి గుణము నగరమునకు వేరొకటి యక్కరలేదు. ఐదేండ్ల క్రిందట అల్లునితో కలిసి రెండు దినములు దానిని చూచియుంటిని.

రెండవ ప్రశ్న ఏ వారము పోవలెనన్నది. దీనికి మన పంచాంగము చాలదు, వారి పంచాంగమును చూడవలెను. మార్చిలో మోటారు పందెములకు జనము విరగబడుదురు. ఈస్టరు పండుగకు ముందువచ్చు శుక్రవారమున అంగళ్లు మూయుదురు. ఏప్రిల్ నెలలో పాఠశాలలకు రెండు వారములు సెలవులుండును గనుక గదుల అద్దెలు హెచ్చును. ఏప్రిల్ 25వ తేదీ వారికి అన్జాక్ దినము. 1915వ సంవత్సరమున నా తేదీనాడు వారి సైనికులు గాలిపోలి తీరమున దిగిరి. మన దేశపు సిపాయీలును ఆ రణరంగమున పోరాడిరి. ఆ దినమున తెల్లవారకమునుపే జనులు స్మారకమందిరము కడ గుమిగూడి మృతవీరులను తలచుకొందురు. చూడదగిన దృశ్యమే గాని, ఆ చలిలో అంతసేపు నిలుచుట నా వయస్సువారికి తగదు. కావున అన్జాక్ దినము గడచిన పిదప వచ్చు మంగళవారము మొదలు శుక్రవారము వరకు అని నిర్ణయించుకొంటిమి. మనుమడు తండ్రి కడ నుండును.

ఇచ్చట గడియారపు సంగతి యొకటి చెప్పవలెను. వేసవిలో వారు గడియారములను ఒక గంట ముందునకు జరిపి, ఏప్రిల్ మొదటి ఆదివారమున మరల వెనుకకు త్రిప్పుదురు. అది మొదలు మెల్బోర్ను కాలము మన కాలమునకు నాలుగున్నర గంటలు ముందుండును. ఏప్రిల్ కడపట అచ్చట సాయంత్రము ఐదున్నరకే ప్రొద్దు గ్రుంకును. మన వేసవి ప్రొద్దులకు అలవాటుపడినవారు నాలుగింటికి కాఫీ త్రాగి బయలుదేరిన, పార్కు గుమ్మము చేరులోపల చీకటి మూగును. కావున బయటి పనియంతయు పదింటికిని నాలుగింటికిని నడుమ నుంచితిమి.

దిక్కుల సంగతియు తెలిసికొనదగినది. మనకు ఏడాదిలో అధికభాగము మధ్యాహ్నసూర్యుడు దక్షిణపు వాలున నుండును. మెల్బోర్నులో ఆయన ఏడాది పొడుగునను ఉత్తరపు వాలుననే నడచును. ఎండను జూచి దిక్కు చెప్పు అలవాటుగల మనవంటివారు మొదటి దినమున తికమకపడుట తప్పదు. అందుచే బస తీసికొనునపుడు ఉత్తరపు కిటికీ గల గదియే యడుగుమని అమ్మాయికి చెప్పితిని. పగటి యెండ లోనికి వచ్చి గది వెచ్చగా నుండును. వాస్తు చూచువారు నన్ను మన్నింతురు గాక.

మెల్బోర్ను వాతావరణమును గూర్చి ఒకే దినమున నాలుగు ఋతువులు వచ్చునని ఆ దేశస్థులే పరిహాసమాడుదురు. కారణము స్పష్టమే. నగరమునకు ఉత్తరమున ఎండిన మైదానములు, వానికావల ఎడారులు. నైఋతిన మంచుఖండము వరకు సముద్రమే. ఉత్తరపు గాలి వీచునంతసేపు వెచ్చగా నుండి, గాలి నైఋతికి తిరిగినంతనే చలియు జల్లును దిగును. ఏప్రిల్ నెలలో సగటున పగలు 20 డిగ్రీలు, రాత్రి 11 డిగ్రీలు అని లెక్క. సగటును నమ్మి ఒకే దుప్పటము తీసికొనిపోరాదు. ఒక మందపు కోటు కంటె బనియను, చొక్కా, ఉన్ని చొక్కా, దానిపై గాలి చొరని పలుచని కోటు మేలు. ఒకటొకటిగా విప్పుకొనవచ్చును, వేసికొనవచ్చును. పంచె మానవలసిన పని లేదు. లోపల ఉన్ని లాగు తొడిగిన చాలును.

ఇక చెట్లు. ఆస్ట్రేలియాకు సొంతమైన యూకలిప్టసు, అనగా మన నీలగిరి చెట్టు, ఈ ఋతువున ఆకులన్నియు రాల్చి మోడగునది కాదు. పలు జాతులకు ఊడునది బెరడు. పసుపుపచ్చగా మారి రాలు ఎల్ము చెట్లను, ప్లేను చెట్లను, ఓకు చెట్లను యూరపునుండి వచ్చినవారు గత శతాబ్దములలో తెచ్చి నాటిరి. ఈ ఎల్ముకు చిత్రమైన చరిత్ర గలదు. ఒక పురుగు మోసికొనిపోవు బూజు తెగులుచే యూరపునను అమెరికాలోను ఎల్ములు లక్షలుగా చచ్చినవి. ఇంగ్లండులో 1970 ప్రాంతముల తరువాత పెద్ద ఎల్ము కనబడుటయే అరుదైనది. ఆ తెగులు ఆస్ట్రేలియాకు చేరలేదు. అందుచే పుట్టిననేల విడిచి వచ్చిన చెట్లే నేడు ఆ జాతికి గొప్ప సాలువృక్షములై నిలిచినవి. ఫిట్జ్‌రాయ్ తోటలో దారికిరువైపుల నవి కమ్ములుకొని పందిరివలె నుండును. మా మొదటి దినపు కార్యక్రమమంతయు ఆ తోటయే. విమానము దిగిన దినమున వేరొకటి పెట్టుకొనరాదు.

అమ్మాయి పంపిన పట్టికలో పదిహేడు స్థలములున్నవి. అందులో మొదటిది మహాసముద్రమార్గము. మొదటి ప్రపంచయుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులు 1919 మొదలు 1932 వరకు కొండచరియలు తొలిచి వేసిన త్రోవ యది. సముద్రమున నిలిచిన రాతికంబములను చూచుటకు జనులు పోవుదురు. గొప్పదే, కాదనను. కాని పోయి వచ్చుటకు తెల్లవారి బస్సెక్కి రాత్రికి దిగవలెను. ప్రక్కప్రక్కన కూర్చుండినను బస్సులో పొలము సంగతి మాటలాడుకొనలేము. దానిని కొట్టివేసితిని. "నాన్నా, అంతదూరం వెళ్లి తోటలో బల్లమీద కూర్చుంటామా?" అని అడిగినది. అందుకే పోవుచున్నామంటిని. కొంతసేపు పలుకక, పట్టికనుండి మరి తొమ్మిదింటిని తానే తీసివేసినది. మిగిలినవానిలో దినమునకొకటి చొప్పున నిలుపుకొంటిమి.

బుధవారమునకు గ్రంథాలయము. న్యాయమూర్తి రెడ్మండ్ బారీ పూనికపై 1856లో తెరవబడిన ఈ గ్రంథాలయమున పద్నాలుగేండ్లు దాటినవారెవరైనను, చేతులు శుభ్రముగా నున్న చాలును, రుసుము లేక చదువుకొనవచ్చునని నియమముండెడిది. ఊరూర పుస్తకభాండాగారములు పెట్టిన మన పెద్దల ఉద్యమమును ఎరిగినవారికి ఈ మాట రుచించును. 1913లో తెరచిన గుండ్రని గోపురము క్రింద ఎనిమిదిమూలల చదువుగది కలదు. బల్లలు చక్రపు ఆకులవలె నడిమినుండి అంచులకు వ్యాపించియుండును. నేటికిని ఎవరైనను లోనికిపోయి కూర్చుండవచ్చును. వాన వచ్చినను ఈ దినమునకు భంగము లేదు.

విక్టోరియా రాణి పేర 1878లో వెలసిన అంగడి సోమ, బుధవారములలో మూసియుండును. కనుక అది గురువారమున బడినది. కూరలు, పండ్లు, రొట్టెలు ఒకే కప్పు క్రింద దొరకును. బసలో పొయ్యి ఉన్న గది తీసికొనుచున్నాము గనుక, అన్నము వండుకొని ఒక కూర చేసికొన్న సరిపోవును. మధ్యాహ్నము చిత్రశాల. దాని పెద్ద మందిరపు పైకప్పు రంగుటద్దముల కూర్పు. లెనార్డ్ ఫ్రెంచ్ అను చిత్రకారుడు చేసినది. జనులు నేలపై వెల్లకిల పరుండి దానిని చూతురట. పరుండుట సులభమే, లేచుట కష్టము. నేను కుర్చీనుండి చూచెదను.

శుక్రవారము యారా నది దక్షిణపుటొడ్డున 1846లో వెలసిన వృక్షశాస్త్రోద్యానము. పచ్చికబయళ్లు, చెరువు, అడుగడుగున బల్లలు. అక్కరపడిన మాట అచ్చటనే జరుగవలెనని నా యుద్దేశము. ఆ చెరువులో మలుగుచేపలు గలవు. అవి పెద్దవైన పిదప నదిబట్టి సముద్రము చేరి, వేయిమైళ్లకు పైగా ఉత్తరమునకు ఈదిపోయి, పగడపు సముద్రమున గ్రుడ్లుపెట్టి చచ్చును. పిల్లలు ప్రవాహములబడి దక్షిణమునకు వచ్చి తాము చూడని ఏళ్లలోనికి ఎక్కును.

తిరుగుటకు ట్రాములు గలవు. నగరమధ్యమున కొంతమేర 2015వ సంవత్సరము మొదలు టిక్కెట్టు లేకయే ఎక్కవచ్చును. ఆ హద్దు దాటినచో కార్డు చూపవలెను. నగరమును చుట్టివచ్చు పాతకాలపు ట్రాము వేడుకైనదే గాని దాని మెట్లు ఎత్తు. మోకాళ్ల నొప్పిగలవారు నేలకు సమముగా నుండు క్రొత్త ట్రాము వచ్చువరకు ఆగుట మంచిది. విమానాశ్రయమునుండి నగరమునకు రైలు లేదు, బస్సున రావలెను.

మందులు అంగడి పెట్టెలతోనే, వైద్యుని చీటితో కూడ తీసికొనిపోవలెను. మన దేశమునుండి చూడబోయినవారికి అచ్చటి ప్రభుత్వ వైద్యసహాయము వర్తింపదు గనుక బయలుదేరకమునుపే భీమా చేయించుకొనవలెను. ఊరగాయలు, గింజలు మొదలైనవి వెంటనున్నచో ఆ దేశమున దిగినపుడు కాగితముపై దాచక వ్రాయవలెను. దాచినవారికి జరిమానా గట్టిది.

నా వెంట తీసికొనిపోవు కాగితములలో పొలము పటము, పాసుపుస్తకపు నకలు, ఇంటి వెనుకనున్న బావికడ తీయించిన ఛాయాపటము నున్నవి. అమ్మాయి నిన్న టెలిఫోను చేసినది. ఉత్తరపు కిటికీ గల గది దొరికినదట. రెండవ అంతస్తు, లిఫ్టు కలదు. శుక్రవారము రాత్రి విమానమునకు బదులు శనివారము ఉదయమున టిక్కెట్టు తీసికొందునా అని అడిగినది. తీసికొమ్మంటిని.