ఇంటి కంచె, గెట్టు తగవు

జానెడు నేలకై అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కుట మన మెరుగనిది కాదు. మెట్‌పల్లి ప్రాంతపు రైతులు దడి కట్టుటలో నేర్పరులే గాని, కట్టుటకు ముందు హద్దు తేల్చుకొనువారు అరుదు.

సాగుభూమికి సర్వే నంబరును టిప్పనును కలవు. దరఖాస్తు పెట్టినచో సర్వేయరు వచ్చి కొలిచి చూపును. ఆబాదీలోని ఇండ్లకు చాలచోట్ల అట్టి పటము లేదు. దస్తావేజులోని చెక్కుబందీయే ఆధారము. "తూర్పున వేపచెట్టు" అని వ్రాసికొన్నచో, చెట్టు కూలిననాడు హద్దును కూలును. కావున ఇరుగుపొరుగువారు కూడి తాడు పట్టి కొలిచి, కొలతలు వ్రాసి, చేవ్రాళ్లు చేసి, చెరియొక ప్రతి దాచుకొనవలెను. ఎదుటివాడు కంచె జరిపినచో మొగమాటముచే ఊరకుండరాదు. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము, యజమాని హక్కును కాదని బాహాటముగా 12 ఏండ్లు ఎడతెగక అనుభవించిన నేలపై పిదప దావా చెల్లదు.

వీధివైపు కంచె మన హద్దుకు లోపలనే నిలువవలెను. బాట నాక్రమించినచో తొలగించు అధికారము పల్లెలో గ్రామపంచాయతీకిని, మెట్‌పల్లి పట్టణమున మునిసిపాలిటీకిని కలదు. వాననీరు పోవు త్రోవను మూయరాదు. మూసినచో ఆ నీరు పొరుగింటి గోడలోనికి దిగును.

తుమ్మకంప చవుక గాని ఏటేట మార్చవలెను, చెదలును పట్టును. సర్కారు తుమ్మను నాటరాదు. అది పెరడు దాటి చేను పట్టును. నా మతమున పెరటికి గోరింట మేలు. మృగశిర కార్తె వానలకు జానెడెడముగా నాటి, హద్దుకు మూరెడు లోపల నుంచి, ఏటికి రెండుమార్లు కత్తిరించినచో పొరుగువానికి బాధ యుండదు.

ఇక కరెంటు తీగ. మక్కచేనికి వచ్చు అడవిపందులకై కొందరు స్తంభము నుండి నేరుగా తీగ లాగుచున్నారు. ఆ తీగకు పందియు తెలియదు, రాత్రి నీరు కట్ట వచ్చిన పొరుగురైతును తెలియదు. 2003 విద్యుచ్ఛక్తి చట్టము ప్రకారము ఇట్లు కరెంటు లాగుట దొంగతనము. 3 ఏండ్ల వరకు కైదు పడవచ్చును. మనిషి చనిపోయినచో అది వేరు నేరము, వేరు శిక్ష. సౌరశక్తితో నడచు కంచె యంత్రము మరియొక రీతిది: అది ఉండియుండి క్షణములో స్వల్పభాగము మాత్రమే తాకుడు నిచ్చును గనుక జంతువు బెదరునే గాని చావదు. దానిని సైతము ప్రమాణముద్ర గలదానినే కొని, హెచ్చరిక పలక కట్టి, చేనికే వాడవలెను. పిల్లలు తిరుగు ఇంటిదడికి వలదు.

దొంగతీగ కంటబడినచో ముట్టుకొనక, కట్టెతోనైనను కదపక, 1912 నంబరునకు వెంటనే ఫోను చేయవలెను.