టీవీ గూట్లో కాఫీ బార్: చెక్క పని కంటే ముందు చూడాల్సింది కరెంటు

1990ల్లో, 2000ల మొదట్లో కట్టిన చాలా ఫ్లాట్లలో హాలు గోడకు ఒక లోతైన గూడు కనిపిస్తుంది. అప్పటి డబ్బా టీవీ కోసం కట్టిన గూడు అది. పొడుగాటి పిక్చర్ ట్యూబు పట్టాలి కాబట్టి దానికి మామూలు అల్మరా కంటే ఎక్కువ లోతు ఉంచేవారు. పల్చటి టీవీలు వచ్చి గోడకెక్కాక ఆ గూటికి పని లేకుండా పోయింది. పాత సెట్‌టాప్ బాక్సు, పెళ్లి ఆల్బమ్‌లు, పిల్లల షీల్డులు, ఎవరూ కదిలించని పింగాణీ బొమ్మలు అందులో చేరాయి. చదరపు అడుగుకు వేల రూపాయలు పోసి కొన్న ఇంట్లో ఆ చోటు అలా వృథాగా పడి ఉంటోంది.

ఇలాంటి గూళ్లను, డైనింగ్ హాల్లో వాడకం లేని షోకేసులను కాఫీ మూలలుగా మార్చుకునేవారు నగరాల్లో పెరుగుతున్నారు. కోవిడ్ లాక్‌డౌన్లలో ఇంటి నుంచే పనిచేయడం అలవాటైంది. దేశీయ గింజలను వేయించి ఇంటికి పంపే సంస్థలూ పెరిగాయి. 2019లో అరకు లోయ, కొడగు, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి అరబికాలకు, వయనాడ్ రోబస్టాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ తర్వాత కాఫీ డబ్బా మీద ఊరి పేరు చూసి కొనేవారూ కనిపిస్తున్నారు.

అయితే ఇంటర్నెట్‌లో కనిపించే కాఫీ బార్ల ఫొటోలు ఎక్కువగా విదేశీ ఇళ్లవి. అక్కడి కాఫీ వేరు, వైరింగ్ వేరు, నీళ్లూ వేరు. వాటిని చూసి నేరుగా వడ్రంగిని పిలిస్తే ఖర్చయ్యాక ఇబ్బందులు బయటపడతాయి.

ఏ కాఫీ అన్నది ముందు తేలాలి

మన ఇళ్లలో కాఫీ అంటే చాలావరకు పాల కాఫీయే. ఫిల్టర్‌లో డికాక్షన్ దిగడానికి మరిగిన నీళ్లుంటే చాలు, ఆ పని గూట్లో చేసుకోవచ్చు. పాలు మాత్రం కాగాలి. స్టవ్, ఫ్రిజ్ వంటింట్లోనే ఉంటే గిన్నె పట్టుకుని ఇటూ అటూ తిరగక తప్పదు. వారం తిరిగేసరికి కాఫీ మళ్లీ వంటింటి గట్టు మీదికే చేరుతుంది, బార్ అలంకారంగా మిగిలిపోతుంది.

కాబట్టి ఇంట్లో రోజూ తాగేది ఏదో ముందు లెక్క చూసుకోవాలి. ఫ్రెంచ్ ప్రెస్, పోర్ ఓవర్ లాంటి పద్ధతులకు కెటిల్ ఒక్కటి చాలు. ఎస్ప్రెస్సో యంత్రాల్లో ఆవిరి గొట్టం ఉన్నవి పాలను అక్కడే వేడిచేస్తాయి. ఫిల్టర్ కాఫీ ఇష్టపడేవారికి పాలు వేడిచేసి నురగ తెచ్చే చిన్న విద్యుత్ పాత్రలు దొరుకుతున్నాయి. నీళ్ల కెటిల్‌లో పాలు కాచకూడదు. అడుగు మాడుతుంది, పొంగి కింది విద్యుత్ భాగంలోకి దిగే ప్రమాదమూ ఉంది. ఇండక్షన్ స్టవ్‌ను గూట్లో పెట్టాలనుకుంటే పైన చెక్క అర ఉండకూడదు.

అసలు ప్రమాదం పాత ప్లగ్గులో

టీవీ గూట్లో స్విచ్‌బోర్డు ముందే ఉంటుంది, దాంతో కరెంటు పని తప్పినట్టే అనిపిస్తుంది. జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఆ బోర్డు టీవీకి, వీసీఆర్‌కు సరిపోయేలా పెట్టింది. ఆ ప్లగ్గు సామర్థ్యం సాధారణంగా 5 లేదా 6 ఆంపియర్లే. చాలా ఇళ్లలో దాని తీగ లైట్లు, ఫ్యాన్ల లైన్ నుంచే వస్తుంది.

1500 వాట్ల కెటిల్ 230 వోల్టుల దగ్గర సుమారు 6.5 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఎస్ప్రెస్సో యంత్రాలు చాలావరకు 1000 నుంచి 1500 వాట్ల మధ్య ఉంటాయి. ఈ యంత్రాల పెద్ద పిన్నుల ప్లగ్గు పాత సాకెట్‌లో పట్టదు. అప్పుడు చాలామంది బజారు నుంచి కన్వర్టర్ ప్లగ్గు తెచ్చి తగిలిస్తారు. అది పిన్నుల సైజును కుదురుస్తుందే గానీ గోడలోని తీగను లావు చేయదు. రోజూ వేడెక్కుతూ ఉంటే తీగ పైతొడుగు క్రమంగా పెళుసుబారుతుంది. ప్లగ్గు దగ్గర మాడిన వాసన వచ్చినా, ప్లాస్టిక్ రంగు మారినా వెంటనే వాడకం ఆపాలి.

సరైన పద్ధతి ఒకటే. మెయిన్ బోర్డు నుంచి గూటికి విడిగా ఒక లైన్ లాగించాలి. దానికి కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల సాకెట్, సొంత ఎంసీబీ ఉండాలి, ఎర్తింగ్ సరిచూపించాలి. నీళ్లు, కరెంటు ఒకేచోట ఉంటాయి కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ రక్షణ తప్పనిసరి అనుకోవాలి. కరెంటు లీకై మనిషి ఒంట్లోంచి పారితే క్షణంలో సరఫరా ఆపేది అదే. కెటిల్, 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ ఒకేసారి వేస్తే 15 ఆంపియర్లు దాటుతుంది. అది లైన్ పరిమితికి అంచు, రెండూ కలిపి వాడకపోవడమే మేలు.

కొత్త అపార్ట్‌మెంట్లలో మరో చిక్కు ఉంది. ఇటుక గోడల బదులు అల్యూమినియం అచ్చులతో పోసిన కాంక్రీటు గోడలున్న భవనాల్లో, అంటే మైవాన్ పద్ధతిలో కట్టినవాటిలో, భవనం బరువు మోసేది ఆ గోడలే. పైపు కోసం వాటిని చెక్కకూడదు. గోడ మీదుగా కేసింగ్ వేసి తీగ లాగించుకోవాలి.

కరెంటు బిల్లు గురించి మాత్రం కంగారు అక్కర్లేదు. లీటరు నీళ్లు మరగడానికి పట్టేది దాదాపు 0.1 యూనిట్ మాత్రమే.

నీళ్లు, ఆవిరి, చెమ్మ

మన ఫ్లాట్లలో డైనింగ్ హాల్లో చేతులు కడుక్కోవడానికి వాష్ బేసిన్ ఉంటుంది. దానికి దగ్గరగా ఉన్న గూడైతే కప్పులు కడగడం తేలిక. కాఫీ పిప్పిని మాత్రం అందులో వేయకూడదు, గొట్టం పూడుకుపోతుంది. పిప్పికి చిన్న డబ్బా పెట్టుకుని, ఆరబెట్టి కంపోస్టులో కలిపితే మొక్కలకు పనికొస్తుంది.

బోరు నీళ్లలో, ట్యాంకర్ నీళ్లలో సున్నం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. అవి కెటిల్‌లో తెల్లటి పొరలా పేరుకుంటాయి, యంత్రంలోని సన్నటి గొట్టాలను మూసేస్తాయి. అలాగని లవణాలన్నీ తీసేసిన నీళ్లతో కాఫీ చప్పగా ఉంటుంది. లీటరుకు 150 మిల్లీగ్రాముల దరిదాపుల్లో లవణాలున్న నీళ్లు మేలన్నది స్పెషాలిటీ కాఫీ రంగం పాటించే కొలమానం. ఆర్వో యంత్రంలో టీడీఎస్ సర్దుబాటు ఉంటే ఉపయోగించుకోవచ్చు. పేరుకున్న పొరను నిమ్మ ఉప్పు ద్రావణం కరిగిస్తుంది.

గూటి వెనుక గోడ బాత్రూముకు ఆనుకుని ఉందేమో కూడా చూడాలి. పెయింట్ ఉబ్బినా, ఉప్పు పొంగినట్టు కనిపించినా ముందు లీకేజీ ఆపించాలి. చెమ్మ మీద చెక్క బిగిస్తే ఆ వానాకాలానికే బూజు పడుతుంది. అక్కడ పెట్టిన కాఫీ పొడి కూడా చెమ్మను, వాసనను పీల్చుకుంటుంది.

రాయి ఉంటే తీయొద్దు

పాత గూళ్లలో చాలావాటికి అరలు కడప బండలతోనే ఉంటాయి. వాటిని పీకించి ప్లైవుడ్ వేయించడం అనవసరపు ఖర్చు. బరువుకు, వేడికి, తడికి బండే గట్టిది. ఒక్క జాగ్రత్త చాలు. కడప బండ సున్నపురాయి జాతిది కాబట్టి నిమ్మ ఉప్పు ద్రావణం ఒలికితే మెరుపు పోయి మచ్చ పడుతుంది. వెంటనే తుడిచేయాలి, లేదా యంత్రం కింద స్టీలు ట్రే పెట్టాలి.

కొత్తగా చెక్క వేయించక తప్పకపోతే మామూలు కమర్షియల్ ప్లైవుడ్ తడికి ఉబ్బుతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడగాలి, అంచులన్నిటికీ బ్యాండింగ్ చేయించాలి.

టీవీ గూడు కూర్చుని చూసే ఎత్తులో ఉంటుంది. నిలబడి కాఫీ కలపాలంటే నడుం వంచాలి. మోచేతి కంటే నాలుగైదు అంగుళాల కిందికి గట్టు వచ్చేలా చూసుకోవడం సులువైన కొలత. యంత్రం పైన నీళ్ల ట్యాంకు మూత తెరుచుకునేంత ఖాళీ వదలాలి. ఇంకా మేలైన దారి, బయటికి జరిగే ట్రే మీద యంత్రాన్ని పెట్టడం. వాడేటప్పుడు ముందుకు లాగితే ఆవిరి పై అరను తాకదు. తీగలు అంచు నుంచి కిందికి వేలాడకూడదు. చిన్నపిల్లలు లాగితే మరిగే నీళ్లు మీద పడతాయి.

అద్దె ఇంట్లో ఉండేవారు గోడ ముట్టుకోకుండానే ఇదంతా చేసుకోవచ్చు. ఉన్న అరలో ట్రే, మూత బిగుతుగా ఉండే డబ్బాలు, చేత్తో తిప్పే గ్రైండర్ సరిపోతాయి. లైన్ మార్చే వీలు లేకపోతే నీళ్లు వంటింటి పవర్ ప్లగ్గు దగ్గర మరిగించి ఫ్లాస్కులో తెచ్చుకోవడమే క్షేమం.

కలిపేది ఎవరు?

చాలా ఇళ్లలో పొద్దుటి కాఫీ, చుట్టాలొస్తే కాఫీ, సాయంత్రం కాఫీ కలిపేది ఒక్కరే. వంటగది ఆమెది అనుకునే ఇంట్లో మిగతావారు గ్లాసు అందుకోవడానికే అటు వెళతారు. కాఫీ సరంజామా హాల్లోకి వస్తే "నాకు డబ్బాలు ఎక్కడున్నాయో తెలీదు" అనే సాకు పోతుంది. గూడు మారినంత మాత్రాన అలవాటు మారదు. అందుకే ఖర్చు పెట్టేముందు ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. గూడు ఖాళీచేసి ఫిల్టర్, పొడి డబ్బా, ఫ్లాస్కు, కప్పులు పెట్టి నెల రోజులు వాడి చూడాలి. ఎవరి కాఫీ వారు కలుపుకుంటున్నారంటే అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను, ఆ తర్వాతే వడ్రంగిని పిలవాలి. నెల తిరిగాక కూడా కలిపేది, కడిగేది ఆమె ఒక్కతే అయితే, ఆ కాఫీ బార్ ఆమెకు తుడవాల్సిన మరో గట్టు అవుతుంది.