లారీకి దారి చెప్పిన కూడికలు, తీసివేతలు

ఒక పెట్రోలు డిపో, చుట్టూ పన్నెండు బంకులు. ట్యాంకరులో పట్టేది ఇంతే, బంకులకు కావలసింది ఇంత. ఏ ట్యాంకరును ఏయే బంకులకు, ఏ వరసలో పంపితే మొత్తం దూరం తగ్గుతుంది? 1959లో జార్జ్ డాంట్‌జిగ్, జాన్ రామ్సర్ ‘మేనేజ్‌మెంట్ సైన్స్’ పత్రికలో ఈ లెక్క పెట్టి, తమకు తోచిన పద్ధతిలో జవాబు కూడా చెప్పారు. ఇవాళ మన వీధిలోకి పార్శిల్ వ్యాను ఏ వేళకు రావాలో కంప్యూటరే తేలుస్తోందంటే, ఆ పనికి పునాది పడింది అక్కడే.

అన్ని వరసలనూ కంప్యూటరుకిచ్చి సరిచూడమంటే పోదా అనిపిస్తుంది. పోదు. పది చోట్లకు తిరగాలంటే 36,28,800 వరసలున్నాయి. పదిహేను చోట్లయితే లెక్క 1.3 లక్షల కోట్లు దాటుతుంది. తెల్లారితే లారీ బయల్దేరాలి. అన్నిటికన్నా చిన్న దారి కోసం కూర్చుంటే సరుకు గోదాములోనే ఉంటుంది. కాబట్టి త్వరగా తేలే, చాలావరకు మంచిదైన దారినిచ్చే నియమం కావాలి.

అలాంటి నియమాన్ని 1964లో క్లార్క్, రైట్ అనే ఇద్దరు ఇచ్చారు. దాని సులువు చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. డిపో నుంచి ఒక దుకాణం 10 కిలోమీటర్లు, ఇంకొకటి 12, ఆ రెండింటి మధ్య 4 అనుకోండి. విడివిడిగా వెళ్లొస్తే 44 కిలోమీటర్లు. ఒకే ట్రిప్పులో రెండూ చూసుకొస్తే 26. మిగులు 18. ఇలా ప్రతి జంటకూ మిగులు కట్టి, ఎక్కువ మిగిల్చే జంట నుంచి మొదలుపెట్టి, లారీ సామర్థ్యం మించకుండా ట్రిప్పులను కలుపుకుంటూ పోవడమే. హైస్కూలు పిల్లలకు అర్థమయ్యే లెక్క! డాంట్‌జిగ్, రామ్సర్ల పన్నెండు బంకుల ఉదాహరణలో వారికి మొత్తం దూరం 294 వస్తే, ఈ పద్ధతి దాన్ని 290కి దించింది.

కానీ రోడ్డు మీద దూరం ఒక్కటే చూస్తే కుదరదు. అమెరికా పార్శిల్ సంస్థ యూపీఎస్‌కు ఇది అనుభవంలోనే తెలిసింది. వారి డ్రైవరు రోజుకు వందకు పైగా చోట్ల ఆగుతాడు. ‘ఓరియన్’ అనే ప్రోగ్రాము మొదట్లో ఇచ్చిన దారుల్లో మైళ్లు తగ్గాయి గానీ, డ్రైవర్లు అవి నడవవన్నారు. ఫలానా ఆఫీసుకు పొద్దున్నే అందాలి, ఫలానా ఇంటికి వెనక సందులోంచి వెళ్లాలి, రోజూ తిరిగే వరస ఉన్నట్టుండి తారుమారు కాకూడదు. ఏళ్ల తరబడి డ్రైవర్ల బుర్రల్లో ఉన్న ఇలాంటి సంగతులను నియమాలుగా రాశాకే ఓరియన్ పనికొచ్చింది. అక్కడ వాహనాలు కుడివైపు నడుస్తాయి కనుక, ఎదురు వాహనాల కోసం ఆగాల్సిన ఎడమ మలుపులను వీలైనంత తప్పించడం ఆ సంస్థ పాత అలవాటు. మన దగ్గరైతే తప్పించాల్సింది కుడి మలుపును.

నా దృష్టిలో ఈ కథలో అసలు ఆవిష్కరణ ఇదే: గణితం ఇచ్చిన దారిని డ్రైవరు కాదంటే, ఎందుకు కాదన్నాడో అడిగి, ఆ కారణాన్ని మళ్లీ లెక్కలోకి తేవడం.

2016 నాటికి ఓరియన్ అమెరికాలో సుమారు 55,000 రూట్లకు చేరింది. దానివల్ల ఏటా 10 కోట్ల మైళ్ల ప్రయాణం, కోటి గ్యాలన్ల ఇంధనం మిగులుతున్నాయని సంస్థ ప్రకటించింది. మన ఊళ్లలో డెలివరీ నియమాలు రాసే ఇంజనీర్లకు నా విన్నపం ఒక్కటే: కోడు రాసే ముందు డెలివరీ కుర్రాడి బండి వెనక కూర్చుని ఒక రోజంతా తిరగండి.