బిల్లు ఇన్సూరెన్స్ కట్టినా అడిగే హక్కు మనదే

గత నెలలో మా లా విభాగానికి ఒక సహోద్యోగి భార్య ఫోన్ చేశారు. "అన్నయ్యగారూ, ఆపరేషన్ అయిన రాత్రి మా అత్తయ్యగారికి బీపీ పడిపోయింది. పిలిచినా ఎవరూ రాలేదు. ఇప్పుడు డయాలసిస్ చేయించుకుంటున్నారు. బిల్లంతా ఇన్సూరెన్స్ వాళ్లే కట్టారు కదా, ఇక మేం అడగడానికేముంది?" అన్నారు.

మన కుటుంబాల్లో చాలామందికి ఉన్న అనుమానమే ఇది. 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని చెప్పినప్పుడే సుప్రీంకోర్టు దీన్నీ తేల్చేసింది. ఇన్సూరెన్స్ చెల్లించినా, ఉద్యోగ షరతుల ప్రకారం యజమాని భరించినా అది ఉచిత వైద్యం కాదు. ఉద్యోగిపై ఆధారపడినవారికీ అంతే.

నిర్లక్ష్యం అనగానే మనకు కడుపులో కత్తెర మరిచిపోవడమే గుర్తొస్తుంది. నేను చదివిన తీర్పుల్లో కారణాలు అంతకంటే మామూలువి. జబ్బును తప్పుగా పోల్చుకోవడం, ఆపరేషన్ తర్వాత కనిపెట్టుకుని ఉండకపోవడం, ఒకదానికి సంతకం తీసుకుని ఇంకొకటి చేయడం. పరీక్ష కోసం మత్తిచ్చిన మహిళకు, ఆమె తల్లి సంతకంతో గర్భసంచి తీసేసిన కేసులో ఆ అనుమతి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది.

హైదరాబాద్ కేసు ఒకటి నన్ను ఇప్పటికీ వదలదు. మలేరియా శాఖ అధికారి భార్యకే చలిజ్వరం వస్తే, ఆసుపత్రి టైఫాయిడ్‌కు మందులిచ్చింది. మరో ఆసుపత్రికి మార్చేసరికి ఆలస్యమైపోయింది, ఆమె దక్కలేదు. జిల్లా ఫోరం ఇచ్చిన 2 లక్షల పరిహారాన్ని పై కమిషన్ కొట్టేసింది. 2010లో సుప్రీంకోర్టు దాన్ని పునరుద్ధరించింది. ప్రతి కేసుకూ నిపుణుల సాక్ష్యం అక్కర్లేదనీ చెప్పింది.

అలాగని నయం కాని ప్రతి జబ్బూ నిర్లక్ష్యం కాదు. సాధారణ నైపుణ్యమున్న డాక్టరు తీసుకునే జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే ప్రశ్న. దానికి జవాబు కేసు షీటులో ఉంటుంది. వోచరు లేని ఎంట్రీని మనం ఒప్పుకుంటామా? డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. మొత్తం రికార్డు కావాలని రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి గడువు మాత్రం 2 ఏళ్లే.

ఆవిడ అడిగారు, ఇచ్చారు. రాత్రి పదకొండు నుంచి తెల్లవారి అయిదు దాకా బీపీ గడులు ఖాళీగా ఉన్నాయి.