ఊరికే ఇచ్చారని పేరు చెరిపేస్తామా?



పోయిన నెల మన గోడ పత్రికలో ఒక తమ్ముడు ఇప్పచెట్టు బొమ్మ వేశాడు. పెద్ద తరగతి అన్న ఒకడు దాన్ని అచ్చం అలాగే సైన్స్ ఫేర్ చార్టు మీద దింపాడు. కింద తమ్ముడి పేరు లేదు. "బొమ్మ తీసుకోనీ, నా పేరు రాస్తే ఏం పోయింది?" అని వాడు ఆ రాత్రి అన్నం కూడా తినలేదు. వెబ్‌సైట్లు తయారుచేసేవారికీ ఇదే మాట వర్తిస్తుంది.

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటి? సాఫ్ట్‌వేరు రాసినవారు దాని లోపలి కోడ్‌ను అందరికీ ఇస్తారు. చదవొచ్చు, మార్చుకోవచ్చు, మన వెబ్‌సైటులో వాడుకోవచ్చు. అయితే హక్కులు వదులుకున్నట్టు కాదు. లైసెన్సు అనే షరతుల పత్రం దానితోనే ఉంటుంది. ఉదాహరణకు ఎంఐటీ లైసెన్సు చాలా చిన్నది. రచయిత కాపీరైటు వాక్యమూ, లైసెన్సు పాఠమూ ప్రతి కాపీలో ఉంచాలి. అదొక్కటే షరతు.

ఉంచకపోతే ఏమవుతుంది? అమెరికాలో రాబర్ట్ జాకబ్‌సెన్ అనే ఫిజిక్స్ ప్రొఫెసరు, మరికొందరు కలిసి బొమ్మ రైళ్ళను కంప్యూటరుతో నడిపే జేఎంఆర్ఐ అనే సాఫ్ట్‌వేరు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఒక వ్యాపారి అందులోని ఫైళ్ళను, రాసినవారి పేర్లు లేకుండా, తన సరుకులో కలిపేసుకున్నాడు. జాకబ్‌సెన్ కోర్టుకు వెళ్ళారు. డబ్బు తీసుకోకపోయినా ఆ షరతులకు విలువ ఉంది, వాటిని మీరితే కాపీరైటు ఉల్లంఘన కావచ్చు అని 2008లో అప్పీలు కోర్టు చెప్పింది. 2010లో రాజీ కుదిరి, ఆ వ్యాపారి లక్ష డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు.

మరి మనం ఏం చెయ్యాలి?

1. వెబ్‌సైటు తెరిచిన ప్రతివారి కంప్యూటరుకూ దాని ఫైళ్ళ కాపీ వెళుతుంది. కనుక ఫైలు మొదట్లో ఉన్న కాపీరైటు వాక్యం తీసెయ్యకూడదు. సైజు తగ్గించే పనిముట్లు ఒక్కోసారి దాన్ని ఎగరగొడతాయి, చూసుకోవాలి.

2. లైసెన్సు ఫైలును కూడా పక్కనే ఉంచాలి. మండలి, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లను మన సైటులో పెట్టుకున్నా ఇదే పద్ధతి.

3. "కృతజ్ఞతలు" అని ఒక పేజీ పెట్టి వస్తువు పేరు, చేసినవారి పేరు, లైసెన్సు పేరు, దొరికిన చోటు రాయాలి. మనం మార్పులు చేస్తే అదీ చెప్పాలి.

ఇదంతా పది నిమిషాల పని. ఆ అన్న కూడా మర్నాడు పెన్ను తీసుకుని చార్టు కింద తమ్ముడి పేరు రాశాడు. చార్టు అందం ఏమీ తగ్గలేదు. తమ్ముడు మాత్రం ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

— 9వ తరగతి విద్యార్థి