మతం లేని పొరుగువారికి మన విశ్వాసం

2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో తమకు ఏ మతమూ లేదని రాసినవారు 37.2 శాతం. 2011లో వారు 25.2 శాతమే. అదే పదేళ్లలో క్రైస్తవులమని చెప్పుకున్నవారు 59.3 నుంచి 46.2 శాతానికి తగ్గారు. 1841లో మచిలీపట్నం వచ్చి, ఆ తర్వాత అక్కడ బడి పెట్టిన మిషనరీ రాబర్ట్ నోబుల్ ఈ ఇంగ్లండ్ మనిషే. ఆయన పుట్టిన గడ్డ మీద ఇవాళ మన తెలుగు క్రైస్తవులం కాపురాలుంటున్నాం. పక్కింటివారికి యేసు ప్రభువును గురించి చెప్పాలన్న ఆశ మనలో చాలామందికి ఉంది. ఎలా మొదలుపెట్టాలో పాలుపోదు.

మన ఊళ్లలో సువార్త విన్నవారిలో ఎక్కువమంది అప్పటికే ఏదో ఒక దేవుణ్ణి కొలుస్తున్నవారు. విజయవాడలో గోరా గారి నాస్తిక కేంద్రం ఉన్నా, జనంలో దేవుడున్నాడన్నది ఒప్పుకున్న మాటే. ఏ దేవుడు, ఏ దారి అన్నదే చర్చ. అందుకే స్వస్థత కూటాలకు జనం వచ్చారు, కరపత్రాలు చదివారు. ఇక్కడ ఇంగ్లండ్‌లో మాత్రం చాలామందికి దేవుడి మీద కోపమూ లేదు, ధ్యాసా లేదు. వాళ్లు అడగని ప్రశ్నకు మనం జవాబు పట్టుకుని వెళితే వింటారని ఎలా అనుకోగలం?

ఈ ఇబ్బంది మనకన్నా ముందే పడ్డవారు బిషప్ లెస్లీ న్యూబిగిన్. 1936లో మిషనరీగా మద్రాసు వచ్చారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు దాని తొలి బిషప్పుల్లో ఒకరయ్యారు. మద్రాసు బిషప్పుగా 1974లో విరమించి ఇంగ్లండ్ తిరిగి వెళ్లారు. డెబ్బై ఏళ్ల వయసులో బర్మింగ్‌హామ్‌లోని విన్సన్ గ్రీన్‌లో, జైలు దగ్గరున్న ఒక చిన్న సంఘానికి కాపరి అయ్యారు. ఇల్లిల్లూ తిరిగితే ఆసియా నుంచి వచ్చిన కుటుంబాలు లోపలికి పిలిచి టీ ఇచ్చేవట. ఇంగ్లీషువారి ఇళ్లలో మాత్రం మాట తరచుగా గుమ్మం దగ్గరే ముగిసేది. సువార్తను ఎదిరించేవారికన్నా దాన్ని చిన్నచూపు చూసి ఊరుకునేవారి మధ్య పని చేయడమే కష్టమని ఆయన రాశారు. మరి సువార్త నమ్మదగినదని వీళ్లకెలా తెలుస్తుంది? దాన్ని నమ్మి, ఆ ప్రకారం బతికే ఒక సంఘాన్ని దగ్గర నుంచి చూస్తేనే అన్నది 1989లో వచ్చిన పుస్తకంలో ఆయన చెప్పిన జవాబు.

దీనికి రుజువు మన దోర్నకల్లోనే ఉంది. వి.ఎస్. అజరయ్య గారు తమిళులు. మన ప్రాంతానికి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత, తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెబుతామని పలికించేవారు. వారిలో ఎక్కువమంది అక్షరం రాని మాల, మాదిగ కూలీలు. వారి నడవడి మారడం కళ్లారా చూసి 1930ల్లో ఇతర కులాలవారు కూడా సంఘంలో చేరారు. ఆ అజరయ్య గారే అంతకుముందు 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో లేచి నిలబడి, మీరు మాకోసం ఎంతో త్యాగం చేశారు, మాకు స్నేహితులు కూడా కావాలని నిర్మొహమాటంగా అడిగారు.

ఇవాళ ఆ మాట మనకే తగులుతుంది. వారమంతా ఉద్యోగం, శనివారం తెలుగువారి విందు, ఆదివారం తెలుగు ఆరాధన. ఇందులో విశ్వాసం లేని స్నేహితుడికి చోటెక్కడ? స్నేహం ఏం చేయగలదో ఒక ఉదాహరణ చూడండి. ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పే సి.ఎస్. లూయిస్ ఏళ్ల తరబడి నాస్తికుడు. తర్వాత దేవుడున్నాడని ఒప్పుకున్నా క్రీస్తు దగ్గర ఆగిపోయారు. 1931 సెప్టెంబరులో ఒక రాత్రి టోల్కీన్, డైసన్ అనే ఇద్దరు స్నేహితులతో కాలేజీ ఆవరణలో నడుస్తూ పొద్దుపోయేదాకా మాట్లాడారు. కొద్దిరోజులకే క్రీస్తును నమ్మారు. టోల్కీన్‌తో ఆయన స్నేహం అప్పటికి ఐదేళ్లది. ఆ ఐదేళ్లు లేకపోతే ఆ రాత్రి లేదని నా నమ్మకం.

లండన్‌లోని హోలీ ట్రినిటీ బ్రాంప్టన్ చర్చిలో 1977లో మొదలైన ఆల్ఫా కోర్సు నడిచే తీరు చూడండి. ముందు అందరూ కలిసి భోంచేస్తారు. తర్వాత ఒక ప్రసంగం. ఆ పైన చిన్న గుంపులుగా కూర్చుని ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడతారు. దేవుడు లేడన్నవాడి మాటకు కూడా అడ్డు రారు. భోజనం పెట్టి మాట వినడం మనకొకరు నేర్పాలా? డిసెంబరులో మనం జరుపుకునే సెమీ క్రిస్మస్‌కు పక్కింటివారిని పిలవవచ్చు. వారికోసం కార్యక్రమాన్ని గంటకు కుదించి, కొంత ఇంగ్లీషులో నడిపితే చాలు.

హద్దులూ ఉన్నాయి. మనలో డాక్టర్లు ఎక్కువ. రోగి తానుగా అడిగితేనో, వినడానికి ఇష్టపడుతున్నట్టు కనిపిస్తేనో తప్ప డాక్టరు తన విశ్వాసం గురించి మాట్లాడకూడదని ఇక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ నియమం. అది న్యాయమైన నియమం. మన చేతిలో ఉన్న మనిషి మీద మన నమ్మకం రుద్దకూడదు.

అన్నిటికన్నా ముఖ్యంగా, మతం లేదని చెప్పేవారు మన ఇంట్లోనూ ఉండవచ్చు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు యూనివర్సిటీకి వెళ్లాక చర్చి మానేస్తున్నారని తల్లిదండ్రులు నాలుగు గోడల మధ్య కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. బాధలు ఎందుకున్నాయి, సైన్సు సంగతేమిటి, సంఘంలో కులమెందుకు అని ఆ పిల్లలు ఎప్పుడో అడిగే ఉంటారు. పెద్దలను ఎదిరించవద్దని నోరు మూయించిన ఇల్లే ఎక్కువ. ముఖ్యంగా కులం ప్రశ్నకు మన సంఘాలు ఇంకా నిజాయితీగా జవాబు చెప్పలేదు. ఈ సంచిక చదివే అమ్మానాన్నలకు నా మనవి ఒక్కటే: ఈ వారం మీ అబ్బాయినో అమ్మాయినో కూర్చోబెట్టుకుని, ఎందుకు నమ్మలేకపోతున్నావో చెప్పమని అడగండి. మధ్యలో వాక్యం ఎత్తకుండా చివరిదాకా వినండి.